ఏరోస్పేస్ చదవాలనుందా? కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టే ముందు ఇది చదవండి

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఫలితాలు రాగానే తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి, వాళ్ళకు తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. అడిగేది ఒకటే: "మావాడికి ఇస్రో అంటే పిచ్చి, ఏరోస్పేస్‌లో వేయాలి కదా?" వేయనక్కర్లేదు. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ 'ఎస్‌సీ' పోస్టుల (ఇది చేరే స్థాయి పేరు, రిజర్వేషన్ కాదు) నోటిఫికేషన్లు పాతవి రెండు మూడు దింపుకుని చూడండి, ఎక్కువ ఖాళీలు మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకే ఉంటాయి. ఎందుకంటే రాకెట్ అంటే ఇంధనం ట్యాంకులు, వాల్వులు, పంపులు, వెల్డింగు, దాన్ని దారిలో పెట్టే సర్క్యూట్లు, ఆ సర్క్యూట్లలో నడిచే కోడు. గాలి ఎలా ప్రవహిస్తుందో, ఏ దారిలో ఎగరాలో లెక్కగట్టేవాళ్ళు తప్పకుండా కావాలి, కానీ తక్కువమంది చాలు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేసిన మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్‌నే చూడండి. దాన్ని పెట్టిన ఇద్దరిలో పవన్ కుమార్ చందన ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివింది మెకానికల్, నాగభరత్ డాకా మద్రాస్ ఐఐటీలో చదివింది ఎలక్ట్రికల్. ఇద్దరూ ముందు ఇస్రోలో పనిచేసి బయటికొచ్చినవాళ్ళే.

మరి బీటెక్‌లో ఏరోస్పేస్ ఎవరు తీసుకోవాలి? నా లెక్క సూటిగా చెప్తాను. మంచిచోట సీటొస్తే కళ్ళు మూసుకుని తీసుకోండి. లేకపోతే మీకు దొరికే వాటిలో మంచి కాలేజీ చూసుకుని మెకానికల్‌లోనో ఈసీఈలోనో చేరి, తర్వాత గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాసి ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కి మారండి. మంచిచోటు అంటే బాంబే, మద్రాస్, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీలు, తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ. జేఈఈ మెయిన్‌తో అయితే పశ్చిమ బెంగాల్‌లోని శిబ్‌పూర్ ఐఐఈఎస్‌టీలో ఉంది. అబ్దుల్ కలాం చదివిన చెన్నై ఎంఐటీ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) పేరు అందరికీ తెలుసు కానీ అది అన్నా యూనివర్సిటీ కిందిది, తమిళనాడు కౌన్సెలింగ్‌లో ఉంటుంది, మన ఎంసెట్ ర్యాంకు అక్కడ పనికిరాదు.

ఐఐఎస్‌టీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దీన్ని చేజార్చుకుంటారు. 2007లో అంతరిక్ష శాఖ పెట్టిన సంస్థ ఇది. సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే ఇస్తారు కానీ ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్ జోసాలో కనపడదు, వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు చేసుకోవాలి, దానికి విడిగా ఆఖరి తేదీ ఉంటుంది. జోసాలో ఆప్షన్లు పెట్టేసి హమ్మయ్య అనుకుని కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి తెలిసేసరికి తేదీ దాటిపోయి ఉంటుంది. ఇంకొకటి, ఐఐఎస్‌టీలో చేరితే ఇస్రో ఉద్యోగం వచ్చేసినట్టే అని ఊళ్ళో చెప్పుకుంటారు, అది నిజం కాదు. మార్కుల షరతు ఉంటుంది, ఆ ఏడాది ఇస్రోలో ఖాళీలు ఎన్ని ఉంటే అంతమందికే అవకాశం.

ఎంసెట్‌తో ఏరోనాటికల్ (ఏరోస్పేస్‌లో విమానాల భాగం) ఇచ్చే ప్రైవేటు కాలేజీలు హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నాయి. అన్నీ పనికిరానివని అనను. కానీ బ్రోచర్ మీద జెట్ విమానం బొమ్మ చూసి ఫీజు కట్టకండి, ఒకరోజు స్వయంగా వెళ్ళి చూడండి. విండ్ టన్నెల్ (గాలి ఊది విమానం నమూనాల్ని పరీక్షించే సొరంగం) చూపించమనండి. చూపిస్తారు, తళతళలాడుతూ ఉంటుంది. అక్కడితో సరిపెట్టుకోకుండా బయట క్యాంటీన్‌లో ఫైనలియర్ పిల్లల్ని పట్టుకుని "ఆ టన్నెల్లో మీ చేత్తో ఏం కొలిచారు?" అని అడగండి. ఫలానా రెక్క ముక్క పెట్టి, కోణం మారుస్తూ లిఫ్ట్ (పైకి లేపే బలం) ఎంతొచ్చిందో గ్రాఫ్ గీశాం అంటే ఫర్వాలేదు. "రికార్డు సీనియర్ల దగ్గర కాపీ కొట్టాం అంకుల్" అంటే మీకు జవాబు దొరికినట్టే. ప్లేస్‌మెంట్ల లిస్టు చూపిస్తే అందులో విమానాల పనికి వెళ్ళినవాళ్ళు ఎందరు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్ళినవాళ్ళు ఎందరు అని విడదీసి అడగండి, అప్పుడు అసలు కథ బయటికొస్తుంది.

ఈ సబ్జెక్టు మీకు పడుతుందా లేదా తెలుసుకోవడానికి ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ అక్కర్లేదు. ఒక పల్చటి థర్మాకోల్ షీటు, వెదురు పుల్ల, కాస్త మైనం తెచ్చుకోండి. పుల్లకి ముందువైపు పెద్ద రెక్క, వెనక చిన్న తోక అతికించి మెల్లగా విసరండి. మొదటిసారి అది ముక్కు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగినట్టయి, కిందికి కూలుతుంది. ముక్కుకి మైనం ముద్ద పెడితే ఈసారి నేరుగా నేలకి గుద్దుకుంటుంది. రెక్క కింద రెండు వేళ్ళు ఆనించి బరువు ఎక్కడ సరితూగుతోందో చూడండి. రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో పావు వంతు దగ్గర తూగేలా మైనం తీస్తూ పెడుతూ సర్దండి, తోక వెనక అంచుని వెంట్రుకవాసి పైకి వంచండి, ప్రతిసారీ ఏం మార్చారో, ఎన్ని అడుగులు వెళ్ళిందో రాసుకోండి. మీరు చేసిందాన్నే ఫ్లైట్ మెకానిక్స్ క్లాసులో స్టెబిలిటీ పేరుతో సమీకరణాలు పెట్టి చెప్తారు. సాయంత్రమంతా దాంతోనే గడిపి, అన్నానికి పిలిచినా రాలేదంటే మీరు ఈ దారిలోకి రావొచ్చు. నాలుగోసారికే విసుగొచ్చిందా, తప్పేం లేదు, రాకెట్ లాంచ్‌లు టీవీలో చూసి ఆనందించడం వేరు, ఈ పని వేరు.

లెక్కల సంగతి కూడా ముందే చెప్పేస్తాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మో, స్ట్రక్చర్స్, కంట్రోల్స్, నాలుగేళ్ళూ ఇవే. ఇంటర్లో షార్ట్‌కట్‌లతో బిట్లు కొట్టి మంచి ర్యాంకు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. ఆప్షన్లు చూసి జవాబు పట్టుకోవడం వస్తుంది గానీ ఖాళీ కాగితం మీద ఫ్రీ బాడీ డయాగ్రామ్ (వస్తువు మీద పనిచేసే బలాల బొమ్మ) గీయమంటే చేయి ఆడదు (తప్పు పిల్లలది కాదు, రెండేళ్ళు వాళ్ళతో చేయించింది అదే).

చేరాక సర్టిఫికెట్లు పోగేసుకోవడం మీద పడకండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మాస్టర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5, నాసా వాళ్ళ ఓపెన్‌వీఎస్‌పీ, ఓపెన్‌ఫోమ్ లాంటి డిజైన్, గాలి ప్రవాహం లెక్కల సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితమే. పైథాన్ తప్పకుండా నేర్చుకోండి. అన్నీ తలా కొంచెం కాకుండా ఒక్క ప్రాజెక్టు పట్టుకుని దాని అంతు చూడండి, ఇంటర్వ్యూలో గంటసేపు తవ్వేది దాన్నే. మిగతా ప్రశ్నలు పుస్తకంలోవిలా ఉండవు. ఉదాహరణకి, రాకెట్లు శ్రీహరికోట నుంచే ఎందుకు? తూర్పున సముద్రం ఉంది, భూమధ్యరేఖకి దగ్గర అని అందరూ చెప్తారు. అక్కడ భూమి తిరగడం వల్ల ఎంత వేగం కలిసొస్తుందంటే, 13.7 డిగ్రీల అక్షాంశం దగ్గర సెకనుకి సుమారు 450 మీటర్లు అని అక్కడికక్కడే లెక్కగట్టి చెప్పేవాళ్ళు తక్కువ. ధ్రువ కక్ష్యకి (ధ్రువాల మీదుగా తిరిగే దారికి) వెళ్ళే ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ శ్రీలంక మీదుగా పోకూడదు కాబట్టి మధ్యలో దారి మళ్ళుతుందని, దానివల్ల మోసుకెళ్ళే బరువు తగ్గుతుందని, అందుకే చిన్న రాకెట్ల కోసం తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర ఇంకో కేంద్రం కడుతున్నారని చెప్పగలిగితే ఎదుటివాళ్ళు పెన్ను పక్కన పెట్టి వింటారు.

ప్రభుత్వ ఉద్యోగాలకు గేట్ తాళంచెవి లాంటిది. ఏరోస్పేస్‌కి ఏఈ పేపరు విడిగా ఉంది, మెకానికల్ వాళ్ళూ అది రాయొచ్చు. మంచి స్కోరుంటే బెంగళూరు ఐఐఎస్‌సీలో, ఐఐటీల్లో ఎంటెక్. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బీ పోస్టులకూ గేట్ స్కోరే చూస్తారు. ఇస్రో కొన్నిసార్లు సొంత రాతపరీక్ష పెడుతుంది, కొన్నిసార్లు గేట్ స్కోరు అడుగుతుంది, కానీ బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ లేకపోతే అసలు గడప కూడా తొక్కనివ్వరు. కాబట్టి ఫస్టియర్‌లో బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని తర్వాత చూసుకుందాంలే అనుకోవద్దు. ఇస్రో, డీఆర్‌డీఓ రెండుచోట్లా చేరగానే బేసిక్ 56,100, అలవెన్సులు అదనం.

ఉద్యోగాల కోసం మరీ దూరం వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్‌లోనే కంచన్‌బాగ్ వైపు డీఆర్‌డీఓ క్షిపణి ల్యాబ్‌లు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్, పక్కనే ప్రత్యేక లోహాలు చేసే మిధాని, క్షిపణులు చేసే బీడీఎల్. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ (విమానాల ఎలక్ట్రానిక్స్) డివిజన్. ఆదిభట్లలో టాటా-బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ ఫ్యూజ్‌లేజ్‌లు (బాడీలు) తయారుచేస్తున్నారు. స్కైరూట్, ఉపగ్రహాలు చేసే ధ్రువ స్పేస్ సరేసరి. ఫ్యాక్టరీల్లో డిజైన్ కంటే క్వాలిటీ, కాంపోజిట్లు (ఫైబర్ కలిపిన తేలికపాటి పదార్థాలు), సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు), ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షలు) పనులే ఎక్కువ, డిప్లొమా వాళ్ళకి కూడా చోటుంది. మొదటి జీతం మాత్రం సాఫ్ట్‌వేర్‌లో చేరిన ఫ్రెండుతో పోల్చుకుంటే చిన్నగానే ఉంటుంది, రెండు మూడేళ్ళు ఆ బాధ పడాలి.

అమ్మానాన్నలు తరచూ కలిపేసేది ఇంకొకటి ఉంది. ఏఎంఈ అంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్, అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు కోసం చదివే కోర్సు. విమానం దిగాక దాన్ని పరీక్షించి, మళ్ళీ ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టే ఉద్యోగం. ఇంటర్ ఎంపీసీతో చేరొచ్చు, మంచి పనే, కానీ బీటెక్ ఏరోనాటికల్ చదివితే ఆ లైసెన్సు దానంతటదే రాదు. పైలట్ లైసెన్సు కూడా అంతే, పూర్తిగా వేరే దారి.

చివరగా అమెరికా. ఎంఎస్ ఏరోస్పేస్‌కి అప్పు చేసి వెళ్ళే ముందు ఐటీఏఆర్ అనే మాట గుర్తుపెట్టుకోండి. రాకెట్లు, క్షిపణులు, యుద్ధ విమానాల సాంకేతికత విదేశీయుల చేతికి వెళ్ళకుండా వాళ్ళు పెట్టుకున్న నిబంధనలు అవి. స్పేస్‌ఎక్స్, లాక్‌హీడ్ లాంటి కంపెనీల ప్రకటనల్లో అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు లాంటి హోదా ఉన్నవాళ్ళు మాత్రమే అన్న షరతు కనిపించేది అందుకే. స్టూడెంట్ వీసా మీద ఉన్న మనవాళ్ళు ఎంత బాగా చదివినా అక్కడ తలుపు మూసి ఉంటుంది, చాలామంది కార్ల కంపెనీలకో సాఫ్ట్‌వేర్‌కో మళ్ళిపోతారు. పీహెచ్‌డీ చేసి పరిశోధనలో ఉండాలనుకుంటే కొంత నయం. బయటికే వెళ్ళాలనుంటే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, ఎయిర్‌బస్ ఉన్న ఫ్రాన్స్ తులూజ్, జర్మనీ యూనివర్సిటీలు కూడా చూడండి. రక్షణ రంగం ఉద్యోగాలు అక్కడా విదేశీయులకు కష్టమే గానీ ప్రయాణికుల విమానాల వైపు దారి కాస్త తెరిచి ఉంటుంది. ఫ్రెంచో జర్మనో బీటెక్ రెండో ఏడాదిలోనే మొదలుపెడితే వెళ్ళేసరికి కాస్త నోరు తిరుగుతుంది.