చాట్‌బాట్‌ని గర్భనిరోధం గురించి ఎలా అడగాలి

"ఇప్పుడే పిల్లలు వద్దు, ఏం వాడాలి" అని ఒక్క ముక్క టైప్ చేస్తే చాట్‌బాట్ చాంతాడంత జాబితా ఇస్తుంది, అందులో కొన్ని మన మెడికల్ షాపుల్లో దొరకవు కూడా. ముందు మీ సంగతి చెప్పండి. వయసు, ఆఖరి కాన్పు ఎప్పుడైంది, పాలిస్తున్నారా, బీపీ ఉందా, సిగరెట్ అలవాటుందా, కళ్ల ముందు మెరుపులు మెరిసి ఆ తర్వాత తలనొప్పి వస్తుందా, టీబీకో ఫిట్స్‌కో మందులు వాడుతున్నారా, అన్నీ.

మా చెల్లి నాలుగు నెలల బాబుని ఒళ్లో వేసుకుని అడిగింది, పాలిస్తున్నానన్న మాట చెప్పలేదు, చాట్‌బాట్ రోజూ వేసుకునే మాత్రలు వాడమంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మాలా-ఎన్ లాంటి రెండు హార్మోన్లుండే మాత్రలు ఇవ్వరు! ఫోన్ తీసుకుని నేనే మార్చి రాశా: "బాబుకి 4 నెలలు, నా పాలే తాగుతున్నాడు, మా పీహెచ్‌సీలో అంతర ఇంజెక్షన్, ఛాయా మాత్రలు, కాపర్-టీ ఉన్నాయి, నాకు ఏది కుదురుతుంది, ఏది కుదరదు, ఎందుకు?" ఈసారి వచ్చిన జవాబు పూర్తిగా వేరు.

డోసు మాత్రం చాట్‌బాట్‌ని నమ్మి వేసుకోకండి. ఛాయా మొదటి 3 నెలలు వారానికి 2 సార్లు, ఆ తర్వాతే వారానికి ఒకటి, నాకేమో మొదటి రోజు నుంచే వారానికి ఒకటని చెప్పింది. ప్యాకెట్ మీద చూసుకోండి, లేదా ఏఎన్ఎంని అడగండి.

ఎదురుగా అడగడానికి సిగ్గనిపించేవి ఇక్కడ అడిగేయండి, నెలసరి ఎలా మారుతుంది, మానేశాక మళ్లీ గర్భం రావడానికి ఎన్నాళ్లు పడుతుంది లాంటివి. అంతర మానేశాక కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

కండోమ్ చిరిగిందా, చాటింగ్‌తో టైమ్ పోగొట్టుకోవద్దు. 72 గంటల్లోపు వేసుకోవాల్సిన అత్యవసర మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. రోజూ వేసుకునే మాత్రలు వాడుతుండగా ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, గుండెల్లో నొప్పి వచ్చినా నేరుగా ఆసుపత్రికే.

పేరు, ఫోన్ నంబరు, ఆధార్ టైప్ చేయకండి. ఇంట్లో అందరూ వాడే ఫోనైతే టెంపరరీ చాట్ పెట్టుకోండి, లేదంటే అయిపోగానే డిలీట్ చేయండి.

ఆఖరున "ఏఎన్ఎంని అడగాల్సిన 5 ప్రశ్నలు తెలుగులో రాసివ్వు" అనండి. మా చెల్లి ఆ ఐదూ కాగితం మీద రాసుకుని పీహెచ్‌సీకి వెళ్లింది, అక్కడ బీపీ చూశారు, పరీక్ష చేశారు, కాపర్-టీ వేయించుకుని వచ్చింది.