అమ్రాబాద్ అభయారణ్యంలో ప్రయాణించేవారు పాటించవలసిన పద్ధతులు

శ్రీశైలం వెళ్లే పాలమూరు, నల్లగొండ ప్రయాణికులు మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే అడుగుపెట్టేది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో. 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణ వైపు భాగమే, రాష్ట్ర విభజన తరువాత ఈ పేరుతో వేరైంది. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతమే, అంటే పులుల కోసం ప్రత్యేకించిన లోపలి అడవి. అక్కడ అనుమతి లేకుండా రోడ్డు దిగి లోపలికి నడవడం నేరం.

ముందుగా సమయం చూసుకోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు ఈ మార్గంలో వాహనాలను అనుమతించరు. అయితే గేటు మూసే వేళకు చేరుకొని చీకట్లో వేగంగా దూసుకుపోవడం కంటే, పొద్దుగూకక ముందే శ్రీశైలం వైపు అడవి చివరనున్న దోమలపెంట దాటేలా బయలుదేరడం మేలు, ఎందుకంటే దుప్పులు, కణుజులు, చిరుతలు మసక వెలుతురులోనే ఎక్కువగా రోడ్డు దాటుతాయి. హారన్ అవసరమైతే తప్ప మోగించకూడదు.

కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయడం చాలామందికి పుణ్యకార్యంగా తోస్తుంది. నా దృష్టిలో ఈ దారిలో మనం చేసే అతిపెద్ద అపకారం అదే. అడవిలో కాయలు, చిగుళ్లు వెతుక్కొని తినవలసిన జీవి ఆ తిండికి అలవాటుపడి రోజంతా రోడ్డు పక్కనే కాచుకొని, చివరకు చక్రాల కింద పడుతుంది. ప్లాస్టిక్ సీసాలు, సంచులు వెంట తీసుకురాకూడదు, మిగిలిన చెత్తను తిరిగి ఇంటికే తీసుకుపోవాలి.

పులిని చూడాలన్న కోరికతో వచ్చేవారు అటవీశాఖ సఫారీలో ఫర్హాబాద్ వైపు వెళ్లవచ్చు గాని, పులి కనబడుతుందన్న భరోసా ఉండదు. చెంచు గిరిజనుల పెంటల్లో (గూడేల్లో) అడగకుండా ఫోటోలు తీయకూడదు. వారు తరతరాలుగా ఈ అడవిలోనే బతుకుతున్నవారు, మనం వారి ఇంటికి వచ్చినవాళ్లం. శివుడి గుడి ఉన్న సలేశ్వరం లోయలోకి చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే, అటవీశాఖ చెప్పిన దారిలోనే దిగాలి.

ఆ జాతర ఎండాకాలంలో వస్తుంది గనుక నిప్పు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎండిన బోద గడ్డిలో ఒక్క బీడీ ముక్క పడినా మంట కొండంతా పాకుతుంది, నేల మీద గూడు కట్టే పిట్టల గుడ్లు, పిల్లలు మొదట కాలిపోతాయి. దారి పక్కన పొయ్యి పెట్టి వండుకోకూడదు. ఎక్కడైనా పొగ కనబడితే, దగ్గరలోని కిలోమీటరు రాయి మీది అంకె గుర్తుపెట్టుకొని, తరువాతి చెక్‌పోస్టులో ఉన్న సిబ్బందికి వెంటనే చెప్పాలి.