వేలి ఎముకకు చిరునామా చెప్పడం ఎలా

వేలికి దెబ్బ తగిలినప్పుడు ‘పై కణుపు దగ్గర నొప్పి’ అని చెప్పడం మనకు అలవాటు. ఈ మాటలో రెండు చిక్కులున్నాయి. చేయి కిందికి వేలాడేసినవారికి ‘పైన’ అంటే వేలి మొదలు, చేయి ఎత్తి చూపించేవారికి గోరు, అరచేతిని బల్లకు ఆనించినవారికి చేతి వెనుకభాగం. ఇక ‘కణుపు’ అంటే వేళ్ల మీద జపం లెక్కపెట్టేవారికి రెండు గీతల నడుమ భాగం, మెటికలు విరిచేవారికి వేలు మడతపడే కీలు. అందుకే ఎక్స్‌రే రిపోర్టు రాసేవారు ఈ రెండు మాటల జోలికీ పోరు. ఏ చేయి, ఏ వేలు, అందులో ఏ ఎముక, ఆ ఎముకలో ఏ భాగం, ఏ వైపు అన్న ఐదు ప్రశ్నలకు వరుసగా జవాబు రాస్తారు. ఈ వరుస పట్టుబడితే రిపోర్టు చదవడమే కాదు, ఫోనులో డాక్టరుకు దెబ్బ తగిలిన చోటును తికమక లేకుండా చెప్పవచ్చు.

వేలిని అంకెతో కాక పేరుతో చెప్పండి. బొటనవేలి నుంచి లెక్కిస్తే రెండోది చూపుడువేలు, బొటనవేలిని వదిలేసి లెక్కించేవారికి అదే రెండోది మధ్యవేలు అవుతుంది. అరచేతి ఎముకలకు మాత్రం అంకెలే వాడతారు, బొటనవేలి వైపు నుంచి ఒకటి మొదలుకొని అయిదు వరకు.

ఒక్కో చేతిలో 27 ఎముకలుంటాయి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. తెలుగు మాధ్యమంలో చదివినవారు వీటిని మణిబంధాస్థులు, కరభాస్థులు, అంగుళ్యస్థులు అని నేర్చుకొని ఉంటారు. ఆసుపత్రిలో వినిపించేవి కార్పల్స్, మెటాకార్పల్స్, ఫాలాంజెస్. వేలి ఎముక ఒక్కటే అయితే ఫాలాంక్స్. నాలుగు వేళ్లకు మూడేసి చొప్పున పన్నెండు, బొటనవేలికి రెండు. కానీ ఎక్స్‌రేలో కండ లీలగా, ఎముక స్పష్టంగా కనబడడంతో, అరచేతి ఎముక కూడా వేలిలో భాగమేనని భ్రమపడి వేలికి నాలుగు ఎముకలని లెక్కించేవారు చాలామంది. ఎక్స్‌రేలను కనుగొన్న శాస్త్రవేత్త రాంట్జెన్ 1895 డిసెంబరు 22న తన భార్య చేతికి తీసిన ప్రసిద్ధ చిత్రం గుర్తుంటే ఈ పొరపాటు జరగదు. అందులో ఉంగరం చుట్టుకొని ఉన్న ఎముకే వేలిలో మొదటిది, దాని వెనుక మణికట్టు దాకా ఉన్నది అరచేతిది.

చేయి ఎటు తిప్పినా మారని మాటలు ప్రాక్సిమల్, డిస్టల్. మొండెం వైపుకు దగ్గరగా ఉన్నది ప్రాక్సిమల్, దూరంగా ఉన్నది డిస్టల్. కాబట్టి వేలి మొదట్లో ఉన్నది ప్రాక్సిమల్ ఫాలాంక్స్, నడిమిది మిడిల్, గోరు కింద ఉన్నది డిస్టల్. బొటనవేలికి మిడిల్ ఫాలాంక్స్ లేదు. ప్రతి ఎముకలోనూ మణికట్టు వైపు కొస బేస్, నడిమి కాండం షాఫ్ట్, గోరు వైపు కొస హెడ్. డిస్టల్ ఫాలాంక్స్ చివర మాత్రం చిన్న పారలా వెడల్పవుతుంది, దాన్ని టఫ్ట్ అంటారు. కీళ్లకు పొట్టిపేర్లున్నాయి: అరచేతికీ వేలికీ నడుమది ఎం.సి.పి., తర్వాతిది పి.ఐ.పి., గోటికి దగ్గరిది డి.ఐ.పి.

ఇప్పుడు పిడికిలి బిగించండి. ఎత్తుగా లేచిన మెటికలు వేళ్ల మొదళ్లని అనుకుంటాం గానీ, అవి మెటాకార్పల్ ఎముకల హెడ్‌లు. చూపుడువేలిని సడలించి, రెండో చేత్తో మెల్లగా ముందుకు లాగితే, మెటికకు కాస్త ముందు చర్మం సన్నగా లోపలికి కుంగుతుంది. కీలు ఉన్నది అక్కడ. అదే చేతిని తిప్పి అరచేతి వైపు చూస్తే, వేలి మొదట్లో ఉన్న మడత గీత కీలు మీద లేదని తెలుస్తుంది. అది ప్రాక్సిమల్ ఫాలాంక్స్ ఇంచుమించు నడిమిభాగం మీద పడుతుంది. వేలు వెనుక నుంచి పొడవుగా, ముందు నుంచి పొట్టిగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక మిగిలింది వైపు. అరచేతి వైపును పామర్ లేదా వోలార్ అని, వెనుక వైపును డోర్సల్ అని అంటారు. పక్కలకు ‘లోపలి’, ‘బయటి’ అనే మాటలు చేతి విషయంలో పనికిరావు, ఎందుకంటే అరచేయి ముందుకు తిప్పి నిలబడితే బొటనవేలు బయటికుంటుంది, అదే చేయి బల్లమీద బోర్లించగానే లోపలికి వస్తుంది. ముంజేతిలోని రేడియస్ ఎముక, అంటే మన పుస్తకాల్లోని రత్ని, మణికట్టు దగ్గర ఎప్పుడూ బొటనవేలి వైపే ఉంటుంది. అందుకే ఆ పక్క రేడియల్, చిటికెనవేలి పక్క అల్నార్. ఉంగరపువేలి రేడియల్ పక్క మధ్యవేలిని తాకుతుంది.

‘ఎడమ ఉంగరపువేలు, మిడిల్ ఫాలాంక్స్ బేస్, వోలార్ వైపు చిన్న అవల్షన్’ అన్న వాక్యాన్ని తీసుకుందాం. పి.ఐ.పి. కీలుకు కాస్త ముందు, అరచేతి వైపున, ఎముక నుంచి చిన్న ముక్క ఊడివచ్చిందని దీని అర్థం. క్యాచ్ పట్టబోయి వేలు వెనక్కి విరుచుకున్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. అదే బంతి వేలికొసకు సూటిగా తగిలి, గోరున్న కొస కిందికి వాలిపోయి సొంతంగా నిలబడకపోతే, దెబ్బ చిరునామా డిస్టల్ ఫాలాంక్స్ బేస్, డోర్సల్ వైపు. అక్కడ అతుక్కునే స్నాయువు (కండను ఎముకకు కలిపే టెండన్) తెగి ఉంటుంది, లేదా ఎముక ముక్కతో సహా ఊడి ఉంటుంది. నొప్పి తక్కువే కదా అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. ఎక్కడ దెబ్బ తగిలినా వాపు రాకముందే ఉంగరం తీసేయండి.

ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో రేడియల్, అల్నార్ పక్కలు మాత్రమే తెలుస్తాయి. వోలార్, డోర్సల్ వైపులు తేల్చాలంటే పక్క నుంచి తీసిన చిత్రం చూడాలి. పిల్లల ఎక్స్‌రేలో ఫాలాంక్స్ బేస్ దగ్గర అడ్డంగా నల్లటి గీత కనిపిస్తే విరిగిందని కంగారు పడకండి, అది ఎముక ఇంకా పెరుగుతున్న చోటు కావచ్చు. నాలుగు వేళ్ల మెటాకార్పల్స్‌లో ఆ గీత హెడ్ వైపు ఉంటుంది, బొటనవేలి మెటాకార్పల్‌లో మాత్రం ఫాలాంక్స్‌లలో మాదిరిగా బేస్ వైపు ఉంటుంది.