వంటింటి సందులు పూడ్చడం, పాఠం 3: డిష్‌వాషర్‌కూ గోడకూ మధ్య పట్టీ

ఏ సందు మూయొచ్చో, ఏది మూయకూడదో పోయిన పాఠంలో చూశాం. పని మొదలుపెట్టే ముందు అది ఇంకోసారి చెప్పాలి, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే పట్టీ ఎంత నున్నగా కుదిరినా ఉపయోగం లేదు. ఓవెన్ తలుపుకూ పైన బటన్ల ప్యానెల్‌కూ మధ్య కనిపించే సన్నటి సందు, బిల్టిన్ ఫ్రిజ్ కింద ఉండే జాలీ, దాని వెనక నుంచి వేడి గాలి పైకి పోయే దారి, ఇవి మిషన్ ఊపిరి పీల్చుకునే చోట్లు. వాటి జోలికి వెళ్లొద్దు.

ఇవాళ్టి పని, క్యాబినెట్ల వరుస చివర్లో గోడ పక్కనున్న డిష్‌వాషర్‌ది. చాలామంది ఆ సందు కొలతను ఒకే చోట తీసి, ఆ వెడల్పుకి ప్లైవుడ్ ముక్క కోయించుకుంటారు, తీరా పెట్టి చూస్తే పైన పట్టదు, కింద వదులు. తప్పు ముక్కది కాదు, గోడది. గోడ చూడ్డానికి నిటారుగా ఉన్నట్టే ఉంటుంది, రసమట్టం పెడితే తెలుస్తుంది దాని సంగతి. అందుకే పైన, మధ్యలో, కింద మూడు చోట్లా కొలవండి. పైన 32 మిల్లీమీటర్లు, మధ్యలో 27, కింద 35 వచ్చాయనుకుందాం.

పట్టీని మీ క్యాబినెట్ తలుపులకు (షట్టర్లకు) వాడిన బోర్డుతోనే, 40 మిల్లీమీటర్ల వెడల్పుతో కోయండి. దాన్ని మిషన్ ముందుభాగం మీదుగా నిలబెట్టి, గోడ వైపు అంచు గోడ ఉబ్బిన చోట తగిలేలా, రెండో అంచు మిషన్ అంచుకి సమాంతరంగా ఉండేలా చూసి, కదలకుండా మాస్కింగ్ టేపుతో అంటించండి. ఇప్పుడు కంపాస్ ఎంత తెరవాలి? పట్టీ వెడల్పులోంచి అన్నిటికంటే ఇరుకైన సందు తీసేస్తే 40 లో 27 పోను 13. మిషన్ పక్కన 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి కాబట్టి దానికి 2 కలపండి, 15. కంపాస్ సూది గోడకు ఆనించి, పెన్సిల్ పట్టీ మీద ఉంచి, చేయి వంచకుండా పై నుంచి కిందికి నెమ్మదిగా లాక్కుంటూ రండి. గోడ వంకరంతా ఉన్నదున్నట్టు పట్టీ మీదకి దిగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

కోసేటప్పుడు గీత మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీంచి కోయండి, లేదంటే లామినేట్ అంచు పెచ్చులూడుతుంది. గీతకి గోడ వైపు ఒక మిల్లీమీటరు బయటే కోసి, మిగిలింది ఆకురాయితో అరగదీయండి. తొందరపడి గీత మీదే కోస్తే ఎక్కువ తగ్గిపోతుంది, తగ్గింది మళ్లీ రాదు. ఆకురాయిని కొంచెం ఏటవాలుగా పట్టి వెనక అంచు ఇంకాస్త తగ్గించండి, అప్పుడు ముందు అంచొక్కటే గోడకి తగిలి అతుకు గట్టిగా కనిపిస్తుంది.

బిగించడానికి గోడ మీద ఒక చెక్క బద్ద కావాలి, పట్టీ మందం అంత లోపలికి జరిపి పెట్టాలి. డ్రిల్ పెట్టే ముందు ఆ గోడలో నీళ్ల పైపు, కరెంటు తీగ ఎటు పోతున్నాయో కచ్చితంగా చూసుకోండి, తెలియకపోతే డ్రిల్ మానేసి బద్దను జిగురుతో అంటించండి. పట్టీని బద్దకి రెండు మూడు చుక్కల సిలికాన్‌తో అతికిస్తే చాలు. మిషన్‌కి మాత్రం ఏదీ అంటించకండి, స్క్రూ బిగించకండి. నేను ఒకసారి హాబ్ (గట్టులో బిగించే గాజు స్టవ్) చుట్టూ సిలికాన్ నింపేశాను, తర్వాత రిపేర్‌కి బయటికి తీయబోతే అంచు దగ్గర గాజు పగిలింది. అప్పటి నుంచి మిషన్‌కి ఒక దారి వదలకుండా ఏ సందూ మూయలేదు.

చివరిగా గోడ వైపు అతుకు. గోడకి రంగు వేయాలంటే అక్రిలిక్ సీలెంట్ (సందు పూడ్చే పేస్టు) తీసుకోండి, సిలికాన్ మీద రంగు నిలవదు. పక్కన రాయి గానీ లోహం గానీ ఉంటే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, మరక పడొచ్చు, తుప్పు పట్టొచ్చు, న్యూట్రల్ రకం అడగండి. రెండు పక్కలా టేపు వేసి, సన్నగా పోసి, తడి వేలితో ఒక్కసారే లాగండి, టేపును సీలెంట్ ఆరకముందే తీసేయండి.

వచ్చే పాఠంలో కింద ప్లింత్ (క్యాబినెట్ల అడుగున నేల దగ్గరుండే పలక) దగ్గర సందు. ఆలోపు మీ వంటింట్లో ఒక సందు మూడు చోట్ల కొలిచి రాసిపెట్టుకోండి, దాంతోనే మొదలుపెడదాం.