ఇంట్లో బిట్‌కాయిన్ నోడ్ – 4వ పాఠం: టార్ మీదుగా బయటివాళ్లకి తలుపు తీయడం

మూడో పాఠంలో ఇచ్చిన పని పూర్తయ్యాకే ఇది మొదలుపెట్టండి. నోడ్ అంటే బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టా ఉంచుకుని తోటి నోడ్లతో పంచుకునే కంప్యూటర్. అంటే మీ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, నోడ్‌ని నడిపే బిట్‌కాయిన్ కోర్ ప్రోగ్రామ్ ఆ చిట్టాలోని మొత్తం బ్లాకులు దించుకుని ఉండాలి. ఆ చిట్టా ఇప్పటికే 600 జీబీ దాటింది. టార్ అంటే మన మాటల్ని ఎన్నో కంప్యూటర్ల మీదుగా తిప్పి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో దాచే నెట్‌వర్క్. దాని మీదుగా దించుకుంటే చాలా ఆలస్యమవుతుంది కాబట్టి ఆ ఒక్క పనీ మామూలు నెట్ మీద చేయించాను.

ఇప్పుడు మీ నోడ్ తనే వెళ్లి పది నోడ్లతో మాట్లాడుతోంది. మీ దగ్గరికి మాత్రం ఎవరూ రావడం లేదు. శ్రీకాకుళంలో మా ఇంటి నెట్‌కి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా చేరగల చిరునామా, లేదు, మీలో చాలామందికీ ఉండదు. ఒకే ఐపీ వెనక ఎన్నో ఇళ్లను సర్దేస్తారు, దాన్నే సీజీనాట్ అంటారు. రూటర్‌లో బిట్‌కాయిన్ వాడే 8333 పోర్టు ఎంత తెరిచినా ఆపరేటర్ దగ్గరే దారి ఆగిపోతుంది. అందరూ అడిగేవాళ్లే అయి జవాబిచ్చే నోడ్లు తగ్గితే, కొత్తగా వచ్చినవాళ్లు బ్లాకులు ఎవరి దగ్గర తెచ్చుకుంటారు? అందుకే ఈ పాఠం నాకు ముఖ్యం.

మనవైపు కొన్ని పెళ్లిచూపులు ఇంట్లో పెట్టరు. కుదురుతుందో లేదో తెలియని సంబంధానికి అప్పుడే ఇల్లెందుకు చూపించడమని, మధ్యవర్తి చేత కబురంపి, ఇరువైపులవాళ్లూ అరసవల్లి గుడిలో కలుసుకుంటారు. ఎవరూ ఎవరి గుమ్మం ఎక్కరు. టార్‌లో, ఐపీ చూపించకుండా బయటివాళ్లని రానిచ్చే ఆనియన్ సర్వీస్ పనిచేసేది ఇలాగే. మన నోడ్ కొన్ని రిలేలను, అంటే టార్‌ని మోసే కంప్యూటర్లను, మధ్యవర్తులుగా పెట్టుకుంటుంది. మనతో మాట్లాడాలనుకున్న నోడ్ వాళ్ల ద్వారా ఫలానా రిలే దగ్గర కలుద్దామని కబురు పంపుతుంది. ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు, మధ్యలో రిలేలు మారుకుంటూ, అక్కడికి వస్తారు. మన వైపు నుంచి అన్నీ బయటికి వెళ్లే కనెక్షన్లే కాబట్టి సీజీనాట్ అడ్డురాదు. ఒకరి ఐపీ ఒకరికి తెలియదు. మన చిరునామా 56 అక్షరాల పొడుగుండి, చివర డాట్ ఆనియన్ అని ఉంటుంది.

ఇక చేతిపని. పేర్లు పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి. ముందు టార్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, దాని సెట్టింగుల ఫైలు టార్ఆర్‌సీ తెరవండి. అందులో కంట్రోల్‌పోర్ట్ 9051, కుకీఆథెంటికేషన్ 1 అనే వరుసల ముందున్న హ్యాష్ గుర్తు తీసేయండి. బిట్‌కాయిన్ నడిపే యూజర్‌ని డెబియన్-టార్ అనే గ్రూపులో చేర్చి, టార్‌ని రీస్టార్ట్ చేయండి. గ్రూపులో చేర్చకపోతే టార్‌ తలుపుకి తాళంచెవి లాంటి కుకీ ఫైలుని చదివే హక్కు నోడ్‌కి ఉండదు, చిరునామా పుట్టదు.

తర్వాత బిట్‌కాయిన్ కోర్ సెట్టింగుల ఫైలు, బిట్‌కాయిన్ డాట్ కాన్ఫ్. అందులో ప్రాక్సీకి 127.0.0.1:9050 ఇవ్వండి, 127.0.0.1 అంటే ఈ కంప్యూటరే. కింది వరుసలో లిజన్‌కి 1 ఇవ్వండి. ఈ రెండో వరుసని చాలామంది వదిలేస్తారు. ప్రాక్సీ పెట్టగానే బిట్‌కాయిన్ కోర్, గోప్యత కోసమని, లోపలికి వచ్చే కనెక్షన్లని తనంతట తానే ఆపేస్తుంది. ఎర్రర్ ఏమీ చూపించదు. అంతా బాగానే ఉన్నట్టుంటుంది, తలుపు మాత్రం మూసి ఉంటుంది. లిజన్ 1 అని మనం స్పష్టంగా చెప్పాల్సిందే.

నోడ్‌ని రీస్టార్ట్ చేసి, నోడ్‌ని ప్రశ్నించే కమాండ్ బిట్‌కాయిన్-సీఎల్ఐకి నెట్‌ఇన్ఫో ఆప్షన్ ఇచ్చి చూడండి. అడుగున మీ ఆనియన్ చిరునామా కనబడితే పని అయినట్టే. మొదటి అతిథి రావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. వివరంగా చూస్తే, లోపలికి వచ్చినవాళ్లందరి చిరునామా 127.0.0.1 అనే ఉంటుంది. కంగారుపడకండి, వాళ్లని మన రాస్ప్‌బెర్రీ పైలోని టారే తెచ్చి అప్పగిస్తుంది కాబట్టి అలా కనబడుతుంది.

ఇప్పుడు గడియారం సంగతి. పోయిన వానాకాలం ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయింది, తెల్లారేసరికి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. మధ్యాహ్నం కరెంటొచ్చాక చూస్తే నోడ్‌కి ఒక్క కనెక్షన్ లేదు. కాన్ఫ్ ఫైలు తిరగరాశాను, టార్ తీసేసి మళ్లీ వేశాను, సాయంత్రమైపోయింది. పక్కన కూర్చున్న మా తమ్ముడు స్క్రీన్ చూసి, "అన్నయ్యా, ఇందులో ఇంకా నిన్న రాత్రే నడుస్తోందేంటి?" అన్నాడు.

రాస్ప్‌బెర్రీ పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయొస్తే, చివరిసారి రాసిపెట్టుకున్న టైమ్ నుంచి మొదలుపెట్టి, నెట్‌లో అడిగి సరిచేసుకుంటుంది. అలా అడిగేది యూడీపీ అనే పద్ధతిలో, 123 పోర్టు మీద. టార్ యూడీపీని మోయదు. అంతకుముందు వారమే, టార్ తప్ప ఏదీ బయటికి పోకూడదని నేను పెట్టిన ఫైర్‌వాల్ ఆ ప్రశ్నని కూడా ఆపేసింది. టైమ్ తప్పితే టార్ తన రిలేల జాబితాని నమ్మదు. టార్ లేకుండా నడిపినా లాభం లేదు: తన గడియారం కంటే రెండు గంటలకి మించి ముందున్న బ్లాకుని బిట్‌కాయిన్ కోర్ ఒప్పుకోదు.

కాబట్టి ఫైర్‌వాల్ పెట్టుకున్నవాళ్లు 123కి దారి వదలండి. వీలైతే బ్యాటరీతో వచ్చే డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మన ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఈ తీరంలో ఉండి ఆ మాడ్యూల్ అనవసరమని నేనైతే అనను.

ఒక్క మాట. మీరు టార్ వాడుతున్నారని ఆపరేటర్‌కి తెలుస్తుంది, లోపల ఏం నడుస్తోందో తెలియదు. బిట్‌కాయిన్ అమ్మే ఎక్స్ఛేంజ్‌లో మీ పాన్‌తో కొన్న నాణెం మీదేనని ఆ ఎక్స్ఛేంజ్‌కి ఎప్పటికీ తెలుసు, దానికి టార్ ఏమీ చేయలేదు.

వచ్చే పాఠంలోగా రెండు పనులు చేయండి. బిట్‌కాయిన్ కోర్ డేటా ఫోల్డర్‌లో ఆనియన్_వీ3_ప్రైవేట్_కీ అనే ఫైలు పుట్టి ఉంటుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి దాచండి. అది పోతే చిరునామా మారిపోతుంది, ఇంకొకరికి దొరికితే మీ చిరునామా వాళ్లదవుతుంది. రెండోది, రాస్ప్‌బెర్రీ పైని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, గంట ఆగి మళ్లీ పెట్టండి. ముందు టైమ్ చూడండి, తర్వాత నెట్‌ఇన్ఫో చూడండి. ఐదో పాఠంలో టార్ లాంటిదే ఇంకో నెట్‌వర్క్ ఐ2పీని కూడా పక్కన చేర్చుదాం.