డ్రాగన్ టైగర్: చెరో ముక్కతో తేలిపోయే ఆట

కాసినోలో డీలర్‌గా ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా పంచింది డ్రాగన్ టైగరే. డ్రాగన్‌కో ముక్క, టైగర్‌కో ముక్క పడతాయి, పెద్దది గెలుస్తుంది. మూడో ముక్క ఉండదు, మీరు మార్చుకునేదీ ఉండదు. పేక పట్టనివాళ్లు కూడా నేరుగా వచ్చి కూర్చునేది ఈ బల్ల దగ్గరే. పందేల మధ్య వాళ్లకు విడమరిచి చెప్పే తీరిక డీలర్‌కు దొరకదు. అప్పుడు చెప్పలేనిదంతా ఇప్పుడు చెబుతాను.

సాధారణంగా ఎనిమిది కట్టలు, అంటే జోకర్లు తీసేసిన 416 ముక్కలు, కలిపి షూ అనే పెట్టెలో పెడతారు. బల్ల మీద డ్రాగన్ గడి, టైగర్ గడి, రెండు ముక్కలూ సమానమవుతాయని కాసే టై గడి గీసి ఉంటాయి. డీలర్ కాయమన్నప్పుడు మీ చిప్స్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్లలు, నచ్చిన గడిలో పెట్టండి. పందేలు ముగిశాయని చెప్పి బల్ల మీదుగా చెయ్యి తిప్పాక మాత్రం చిప్స్ ముట్టుకోకండి. పక్కకు ఒరిగిన దొంతరను సరిచేయబోయినా డీలర్ ఆపేస్తాడు, ఆపి తీరాలి కూడా.

ముక్కల విలువలో ఒక్కటే గుర్తుంచుకోవాలి: ఇక్కడ ఆసు అన్నిటికంటే చిన్నది. తర్వాత రెండు నుంచి పది, జాకీ, రాణి, అన్నిటి మీదా రాజు. తమ గడికి ఆసు పడగానే గెలిచామని చేతులు చాచేవాళ్లను ఎందరినో చూశాను. అవతల రెండు పడినా ఆ ఆసు ఓడినట్టే. ఇస్పేటా, కళావరా అన్నది ఈ ప్రధాన పందేల్లో లెక్కలోకి రాదు.

గెలిస్తే వందకు వంద. ఓడితే వందా పోతుంది. రెండు ముక్కలూ సమానమైతే, ఉదాహరణకు అటూ ఇటూ తొమ్మిదే పడితే, డ్రాగన్ మీదా టైగర్ మీదా కాసినవాళ్ల చిప్స్‌లో సగం డీలర్ తీసుకుంటాడు. దొంతరను రెండుగా విడదీసి, పక్కపక్కన పెట్టి సమానమని చూపించి, ఒకటి లాక్కుంటాడు. క్షణంలో అయిపోయే పని. కాసినోకు ప్రధాన పందేల మీద వచ్చే ఆదాయమంతా ఆ సగమే.

ఎంత వస్తుందో మీరే కట్టి చూడండి. డ్రాగన్‌కు తొమ్మిది పడిందంటే మిగిలిన 415 ముక్కల్లో తొమ్మిదులు 31. టై అయ్యే అవకాశం 31/415, అంటే సుమారు 7.47 శాతం. అందులో సగమే పోతుంది కనుక కాసినో వాటా 3.73 శాతం. గంటలో 60 ఆటలు, ఆటకు 100 చొప్పున ఆడితే మీరు కాసేది 6,000. సగటున 224 అక్కడే వదిలి లేస్తారు. బాకరా అనే మరో కాసినో పేకాటలో ప్లేయర్ అనే గడి మీద కాస్తే ఆ వాటా 1.24 శాతమే. డ్రాగన్ టైగర్ తేలికే గానీ చవక కాదు.

ఇక టై గడి. చాలాచోట్ల ఒకటికి ఎనిమిది ఇస్తారు. వినడానికి ఊరిస్తుంది, కానీ ఇందాకటి 31/415తో లెక్కవేస్తే కాసినో వాటా 32.77 శాతానికి ఎగబాకుతుంది! ఒకటికి 11 ఇచ్చే బల్లల్లోనూ 10 శాతం దాటుతుంది. పెద్ద, చిన్న అనే పందేలు కూడా ఉంటాయి. మీరు ఎంచుకున్న వైపు ముక్క ఏడు దాటితే పెద్ద, ఏడు లోపు చిన్న, ఏడే పడితే ఇద్దరికీ పోతుంది. పదమూడు విలువల్లో ఒకటి అలా పోతుంది కాబట్టి అక్కడ వాటా 7.69 శాతం. నన్నడిగితే డ్రాగన్, టైగర్ తప్ప మిగతా గడుల జోలికి పోకండి.

బల్ల పక్కన బోర్డు మీద ఎర్ర, పసుపు చుక్కలతో గత ఫలితాలు కనిపిస్తుంటాయి. వరసగా డ్రాగనే వస్తుంటే ఇక టైగర్ వంతే అని కొందరు, ఊపు డ్రాగన్‌దేనని కొందరు వాదించుకుంటారు. ఇద్దరిదీ భ్రమే. షూలో ఏ ముక్కలు మిగిలాయో ఒక్కటి కూడా వదలకుండా మీకు తెలిసినా సరే, తర్వాతి రెండింట్లో పెద్దది డ్రాగన్‌కు పడే అవకాశమెంతో టైగర్‌కూ అంతే. బ్లాక్‌జాక్‌లో లాగ ముక్కలు లెక్కపెట్టి ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఓడినప్పుడల్లా రెట్టింపు కాసే పద్ధతీ పనికిరాదు. 100తో మొదలుపెట్టి ఆరుసార్లు వరసగా ఓడితే 6,300 పోతాయి. ఏడోసారి 6,400 కాయాలి, గెలిస్తే మిగిలేది ఆ మొదటి వందే. చాలా బల్లల మీద అంతకుముందే గరిష్ఠ పందెం అడ్డొస్తుంది. మధ్యలో టై పడితే ఆ లెక్కే చెదిరిపోతుంది.

మీరున్నచోట చట్టం ఒప్పుకుంటేనే వెళ్లండి. పోయినా ఫరవాలేదనుకున్న మొత్తం చిప్స్‌గా మార్చుకుని, మిగతాది వెంట తీసుకెళ్లకండి. కూర్చునే ముందు బల్ల మీది రాతలు చదవండి: కనిష్ఠ పందెం, గరిష్ఠ పందెం, టైకి ఎంత ఇస్తారు, టై అయితే సగం తీసుకుంటారా, మొత్తమా. మొత్తం తీసుకుంటామంటే ఆ బల్ల దగ్గర కూర్చోకండి. అక్కడ వాటా 7.47 శాతం.