సైటు స్టోరు నిర్వహణ, మూడో పాఠం: గేటు నుంచి అర దాకా

మొదటి పాఠంలో ఏ దశలో ఏ సరుకు వస్తుందో పట్టిక రాసుకున్నాం. రెండో పాఠంలో స్టోరుకు చోటు ఎంచుకున్నాం. ఇప్పటికి మీ ఇరవై అడుగుల కంటైనరు నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెల మీద నిలబడి, తలుపు సెక్యూరిటీ గదికి కనిపించేలా తిరిగి ఉండాలి. ప్రహరీకి ఆనించి ఉంటే మాత్రం ఈ పాఠం పక్కన పెట్టి ముందు దాన్ని జరిపించండి.

బెంగళూరులో సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్, హొసకోటె వైపు పెద్ద సైట్లలో మన తెలుగు స్టోర్‌కీపర్లు చాలామందే ఉన్నారు. సరుకు ఎలా పోయిందని అడిగితే, తాళం పగిలి పోయిందని చెప్పేవారు తక్కువ. లారీ దిగాక స్టోరు చేరేలోపు పోతుంది. స్టోరు దాటాక పని జరిగే అంతస్తు చేరేలోపు పోతుంది. సాయంత్రం పని ఆగాక తిరిగి వచ్చేలోపు పోతుంది. ఈ మూడు సందుల్లోనూ ఆ సరుకు ఎవరిదీ కాదు. కాబట్టి ఈ పాఠానికి సూత్రం ఒక్కటే: సైటులో ఉన్న ప్రతి వస్తువుకూ, ఏ గంటలో చూసినా, జవాబు చెప్పాల్సిన ఒక మనిషి పేరు కాగితం మీద ఉండాలి. ‘స్టోరు బాధ్యత’ అని రాస్తే చాలదు. మనిషి పేరు రాయాలి.

రాత్రి లోడు

బెంగళూరులో రద్దీ వేళల్లో పెద్ద లారీలను రోడ్ల మీదికి రానివ్వరు. అందుకే ఇనుము, సిమెంటు, టైల్స్ లోడ్లు ఎక్కువగా రాత్రి పదింటి తర్వాత గేటు ముందుకు వస్తాయి. స్టోర్‌కీపరు గదికి వెళ్లిపోయి ఉంటాడు, సెక్యూరిటీ మనిషికి సరుకు తెలియదు, డ్రైవరుకు తెల్లారేలోపు వెనక్కి వెళ్లాలన్న తొందర. మూడు సందుల్లో పెద్దది ఇదే.

దీనికి మందు సాయంత్రమే వేయాలి. ఆ రాత్రి ఏ లోడ్లు రావాలో కొనుగోళ్ల విభాగాన్ని అడిగి, లారీ నంబరు, సరుకు, పరిమాణం, దించాల్సిన చోటు ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర అతికించండి. ఆ కాగితంలో లేని లారీ లోపలికి రాకూడదు. రాత్రి దించుకునే మనిషి ఎవరో కూడా అందులోనే పేరుతో రాయండి. మీరు ఉండలేకపోతే సైటు ఇంజనీరో, నమ్మకమైన మేస్త్రీయో ఉండాలి. చలానా మీద సంతకం ఆ మనిషే చేయాలి. సెక్యూరిటీ గార్డు చేత సరుకు చలానా మీద సంతకం చేయించే అలవాటు మన సైట్లలో ఉంది. అది అతనికీ అన్యాయం, మనకూ నష్టం. అతను లారీ లోపలికి వచ్చిన వేళ, బయటికి వెళ్లిన వేళ తన పుస్తకంలో రాస్తే చాలు.

ఇనుము సంగతి కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే సైటులో డబ్బు ఎక్కువగా పడి ఉండేది అక్కడే. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు ఊచ బరువు కిలోల్లో వస్తుంది. 12 మి.మీ. ఊచకు 144ను 162తో భాగిస్తే 0.889 కిలో. పన్నెండు మీటర్ల పూర్తి పొడవు ఊచ అయితే 10.67 కిలోలు. అంటే టన్నుకు సుమారు 94 ఊచలు. 8 మి.మీ. అయితే టన్నుకు 211 దాకా వస్తాయి. ఈ రెండు అంకెలూ నోటికి రావాలి.

లోడు దిగేటప్పుడు వేబ్రిడ్జి (లారీని సరుకుతో సహా తూచే కాటా) చీటీ ఒక్కదాన్నే నమ్మకండి, ఊచల లెక్క ఒక్కదాన్నే నమ్మకండి. రెండూ కావాలి. కాంక్రీటు ఊచలకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 1786 ప్రకారం మీటరు బరువులో 10 మి.మీ. వరకు ఊచలకు 7 శాతం, ఆపైన 16 మి.మీ. వరకు 5 శాతం, అంతకన్నా లావు ఊచలకు 3 శాతం అటూఇటూ తేడా ఉండవచ్చు. కాబట్టి లెక్క సరిపోయి బరువు కొద్దిగా తగ్గితే అది మిల్లులో తయారీ తేడా కావచ్చు. బరువు సరిపోయి ఊచలు తగ్గితే ఊచ లావుగా వచ్చిందో, తూకంలోనే ఏదైనా జరిగిందో చూడాలి. లారీ ఖాళీ బరువును చలానాలో రాసింది రాసినట్టు ఒప్పుకోవద్దు. దించాక అదే వేబ్రిడ్జికి వెళ్లి ఖాళీ తూకం చీటీ తీసుకు రమ్మనండి. రెండు చీటీల మీదా లారీ నంబరు, వేళ కలవాలి. ఒక్కో లోడుకు అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంట గురించి డ్రైవరు గొడవ చేస్తాడు, ఇంజనీరు కూడా చిరాకు పడతాడు. మీరు మెత్తగా మాట్లాడండి కానీ చీటీ మాత్రం వదలకండి.

తెల్లవారి మొదటి పని, రాత్రి చలానాలను సరుకు పక్కన నిలబడి సరిచూసి రిసీట్ నోటు, అంటే సరుకు అందినట్టు స్టోరు రాసే చీటీ, రాయడం. కుర్చీలో కూర్చుని చలానా చూసి నోటు రాస్తే అది నకలు అవుతుంది, తనిఖీ కాదు.

కంటైనరు లోపల

ఇరవై అడుగుల కంటైనరు లోపలి వెడల్పు 2.35 మీటర్లు. ఒక గోడకు 60 సెంటీమీటర్ల లోతున్న అరలు, ఎదుటి గోడకు 45 సెంటీమీటర్ల అరలు పెడితే నడుమ 1.3 మీటర్ల దారి మిగులుతుంది. ఇద్దరు ఎదురుపడినా ఇబ్బంది ఉండదు. లోతైన అరల్లో మిషన్లు, వైరు చుట్టలు. సన్న అరల్లో స్క్రూలు, క్లాంపులు, జాయింట్లు. బరువైనవి నడుము ఎత్తుకు కిందే ఉండాలి. రోజూ అడిగేవి తలుపు దగ్గర, నెలకోసారి అడిగేవి లోపలి కొసన. రాగి వైరు, కుళాయిలు, షవర్లు, స్విచ్చులు వంటి ఖరీదైనవాటికి లోపలి కొసనే జాలీతో ఒక చిన్న గది కట్టించి, దానికి వేరే తాళం వేయించండి.

అరల మీద పేర్లు రాస్తే చాలదు. మీ కౌంటరు ముందు అనంతపురం మేస్త్రీ ఉంటాడు, పాలమూరు కూలీ ఉంటాడు, బిహార్ వడ్రంగి, ఒడిశా వెల్డరు, కన్నడ ఎలక్ట్రీషియను ఉంటారు. ఏ లిపిలో రాసినా సగం మందికి అందదు. ప్రతి పెట్టె ముందూ అందులోని వస్తువునే ఒకదాన్ని బైండింగ్ వైరుతో వేలాడదీయండి: ఒక బోల్టు, ఒక ఎల్బో, ఒక క్లాంపు. అడిగేవాడు వేలు పెట్టి చూపిస్తాడు, మీరు తీసిస్తారు. మిషన్లకు మాత్రం అరలో ఒక్కోదానికి ఒక్కో గడి గీసి, నంబరు వేసి, అదే నంబరును మిషను ఒంటి మీద చెక్కించండి. పెయింటుతో రాస్తే గీకేస్తారు. సాయంత్రం తలుపు మూసేముందు అరల వైపు ఒక్కసారి చూస్తే ఏ గడి ఖాళీగా ఉందో కనబడిపోతుంది. దానికి పుస్తకం తెరవక్కర్లేదు.

సిమెంటుకు ఇంకో గది ఉంటే మంచిది. లేదు, కంటైనరులోనే పెట్టక తప్పదంటే గోడకు ఆనించవద్దు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇనుప గోడ లోపలి వైపు చెమ్మ పడుతుంది, ఆనుకున్న బస్తా గడ్డకడుతుంది. గోడకూ బస్తాలకూ మధ్య మూరెడు ఖాళీ, నేలకు జానెడు ఎత్తులో చెక్కలు, ఒకదాని మీద ఒకటి పది బస్తాలకు మించని దొంతర. బస్తా మీద అచ్చైన తయారీ వారం చూసి, పాతది ముందు బయటికి వెళ్లేలా పేర్చండి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయించకుండా ఇవ్వకండి. మే నెల ఉరుముల వానలు మొదలయ్యాక సెల్లారును స్టోరుగా వాడే ఆలోచన అసలే వద్దు. సెప్టెంబరు, అక్టోబరు వానలు బెంగళూరులో ఒక్క రాత్రిలో సెల్లారు నింపగలవు.

డీజిలు, సిలిండర్లు ఈ కంటైనరులోకి రాకూడదు. ఇందులో మినహాయింపు లేదు. బయట నీడలో, గాలి ఆడే జాలీ గదిలో సిలిండర్లను నిలబెట్టి గొలుసు వేయండి. నల్ల రంగు ఆక్సిజన్ సిలిండర్లనూ మెరూన్ రంగు ఎసిటిలిన్ సిలిండర్లనూ పక్కపక్కన పెట్టకండి. వాటి మధ్య ఆరు మీటర్ల దూరమో, మంటను ఆపే గోడో ఉండాలి. డీజిలును ఒక చోట 2,500 లీటర్లకు మించకుండా, ఏ పీపా 1,000 లీటర్లకు మించకుండా ఉంచితే పెట్రోలియం చట్టం ప్రకారం నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. డీజిలు లెక్కకు దారి మిషను మీటరే: ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని లీటర్లు పోశాం. వారానికోసారి గంటకు ఎంత పడిందో చూడండి. ఒక వారం హఠాత్తుగా పెరిగితే మిషను బాగుచేయించాలి, లేదా ఆ వారం డీజిలు పోసిన మనిషితో మాట్లాడాలి.

తాళం

చాలా కంటైనర్ల తలుపు మీద తాళం బయటికి వేలాడుతూ ఉంటుంది. తాళం ఎంత లావుగా ఉన్నా దాని కొక్కెం బయటికి కనిపిస్తే కటింగ్ మిషను దాన్ని నిమిషంలో తెంచేస్తుంది, ఆ మిషను మన సైటులోనే దొరుకుతుంది. వెల్డరు చేత తాళం చుట్టూ ఒక ఇనుప పెట్టె చేయించి తలుపుకు అతికించండి. కింది నుంచి చెయ్యి పెట్టి తాళం చెవి తిప్పడానికి మాత్రమే దారి ఉండాలి. గడియను బిగించిన బోల్టుల నట్లు లోపలి వైపు ఉండాలి, వాటికీ వెల్డింగు చుక్క పెట్టాలి.

చెవులు రెండే. ఒకటి మీ దగ్గర. రెండోది కవరులో పెట్టి, అంటించిన చోట మీరూ ప్రాజెక్టు మేనేజరూ అడ్డంగా సంతకాలు చేసి, ఆఫీసు బీరువాలో పెట్టాలి. కవరు చిరిగితే ఎవరు, ఏ వేళకు, ఎందుకు చించారో రాయాలి. ‘తమ్ముడూ, నువ్వు భోజనం చేస్తూ ఉండు, చెవి ఇలా ఇవ్వు, రెండు నిమిషాల్లో తీసుకుని వచ్చేస్తాను’ అని పెద్ద మేస్త్రీ అడుగుతాడు. ఆయన మంచివాడే, అబద్ధం చెప్పడం లేదు. అయినా ఇవ్వకూడదు. ‘అన్నా, నేనే వస్తున్నాను పదండి’ అని లేవండి. చెవి చేతులు మారిందంటే ఆ రోజు లోపలున్న ప్రతి వస్తువుకూ రాసిన పేరు చెల్లకుండా పోతుంది. రేపు ఏదైనా తగ్గితే అనుమానం ఆ పెద్దాయన మీదికి వెళుతుంది. ఆయన్ని కాపాడేది కూడా మీరు చెవి ఇవ్వకపోవడమే.

ఉదయం ఎనిమిది గంటలు

రద్దీ సైటులో స్టోరు చెడేది ఈ గంటలోనే. అన్ని పని ముఠాలూ ఒకేసారి వచ్చి పడతాయి. తొందరలో తలుపు తెరిచి, ‘ఎవరిది వారు తీసుకోండి’ అంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. తలుపులో సగానికి అడ్డంగా ఒక బల్ల వేయండి, అదే కౌంటరు. లోపలికి మీరు, మీ సహాయకుడు తప్ప ఎవరూ రాకూడదు. ముందు రోజు సాయంత్రం ఐదింటికి మేస్త్రీల దగ్గర ఇండెంట్లు (మర్నాటికి కావలసిన సరుకు చీటీలు) తీసుకుని, ఒక్కో ముఠాకు కావలసింది ఒక్కో గమేళాలో (తట్టలో) రాత్రే సర్ది, చీటీ పెట్టి ఉంచండి. పొద్దున మేస్త్రీ లెక్క చూసుకుని సంతకం పెట్టి తీసుకువెళతాడు. ఇండెంటు ఇవ్వనివాడు ఎనిమిదిన్నర దాకా ఆగాలి. మొదటి వారం కోపాలు వస్తాయి. తర్వాత ఇండెంట్లు వాటంతట అవే వస్తాయి.

వైరు, కుళాయిలు ఇచ్చేటప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి: ఆ ఫ్లాటుకు తలుపు, తాళం బిగించారా? బిగించకపోతే సరుకు ఇవ్వకండి. 90 మీటర్ల వైరు చుట్ట తీసుకున్న ఎలక్ట్రీషియను మిగిలిన ముక్కలు తెచ్చి అప్పగించాకే కొత్త చుట్ట. ముక్కలు తూచి తీసుకోండి, రాగి తుక్కు కూడా డబ్బే.

బయటికి వెళ్లే బండ్ల గురించి ఒక్క మాట. గేట్ పాస్ అందరూ అడుగుతారు కానీ శిథిలాల లారీని ఎవరూ ఆపరు. విరిగిన ఇటుకల కింద సెంట్రింగ్ ప్లేట్లు (కాంక్రీటు పోయడానికి వాడే ఇనుప పలకలు), వాటి కింద నిలబెట్టే జాకీలు, ముక్క ఊచలు వెళ్లిపోతాయి. శిథిలాలు నింపేటప్పుడు మీ మనిషి ఒకడు పక్కన ఉండాలి. నింపడం అయ్యాక గేటు దగ్గర పొడవాటి ఊచతో నాలుగైదు చోట్ల పొడిచి చూడమని సెక్యూరిటీకి నేర్పండి. ఇనుము తగిలితే చప్పుడే చెబుతుంది.

అభ్యాసం

ఒకటి: 16 మి.మీ. ఊచలు, పన్నెండు మీటర్లవి, 5 టన్నులు వచ్చాయి. ఎన్ని ఊచలు ఉండాలి? లెక్క చేశాక చూడండి: ఒక్కో ఊచ 18.96 కిలోలు, మొత్తం సుమారు 264. మీకు 250 మాత్రమే వచ్చి, బరువు సరిగ్గా 5 టన్నులు తూగితే మీటరు బరువు ఐదు శాతం దాటి ఎక్కువగా ఉన్నట్టు. ఊచ కొలవకుండా, ఖాళీ తూకం చీటీ చూడకుండా చలానా మీద సంతకం పెట్టకూడదు.

రెండు: మీ సైటులో నిన్న దిగిన ఏదైనా ఒక సరుకు తీసుకోండి. గేటు దాటిన వేళ నుంచి ఇప్పటి వరకు అది ఎవరెవరి పేరు మీద ఉందో వరుసగా రాయండి. ఎక్కడ పేరు దొరకకపోతే అక్కడ ఎర్ర గీత పెట్టండి.

మూడు: ఈ వారం ఒక సాయంత్రం ఆరింటికి, చెప్పకుండా, ఏదైనా ఒక అంతస్తు మొత్తం నడవండి. స్టోరుకు తిరిగి రావాల్సినవి ఎన్ని కనిపిస్తాయో, వాటి నంబర్లేమిటో రాసుకోండి. వారాంతపు లెక్క గురించి చెప్పే నాలుగో పాఠానికి ఆ కాగితం కావాలి, దగ్గర పెట్టుకోండి.